అన్నం వేడిగా, పెరుగు పుల్లగా: మూడు గిన్నెల హాట్ క్యారియర్‌తో ఒక ఏడాది

నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. ఉదయం ఏడింటికల్లా వంట ముగించి ఏడున్నర బస్సు అందుకుంటే తప్ప మొదటి పీరియడుకు చేరుకోలేను. వండిన అన్నం తినేది మాత్రం పన్నెండూ ముప్పావుకు. ఈ ఎడం కోసమే నిరుడు బడులు తెరిచే వారంలో గుంటూరు పట్నం బజారులో 1,450 రూపాయలు పెట్టి స్టీలు హాట్ క్యారియర్ ఒకటి కొన్నాను. అన్నానికీ పప్పుకూ ఇది మంచి వస్తువే కాని, మన భోజనం పెరుగుతో ముగుస్తుందన్న సంగతి దీన్ని తయారుచేసినవారికి తట్టినట్టు లేదు.

బయటికి ఒకే పాత్రలా కనిపించినా దీని గోడలో రెండు రేకులుంటాయి. వాటి నడుమ గాలి తీసేసి మూసివేస్తారు. గాలి లేని చోట వహనానికీ (తాకిడి ద్వారా వేడి పాకడానికీ) సంవహనానికీ (కదిలే గాలి వేడిని మోసుకుపోవడానికీ) దారి ఉండదు, మెరిసే రేకు వికిరణాన్ని (కిరణాలుగా వెళ్లే వేడిని) చాలావరకు వెనక్కి మళ్లిస్తుంది. 1892లో శాస్త్రవేత్త జేమ్స్ డ్యూయర్ అతిశీతల ద్రవాలను నిలవ ఉంచడానికి రూపొందించిన ఫ్లాస్కు సూత్రమే ఇది. లోపల మూడు గిన్నెలు ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. అడుగున 304 అని ముద్ర ఉంది. అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిసిన ఉక్కు అన్నమాట. ముద్రను నమ్మడం మినహా ఇంట్లో పరీక్షించే సాధనం నాకు లేదు.

ప్రయోగశాల థర్మామీటరు చేతిలో ఉన్న మనిషిని కనుక ఊరికే ఉండలేకపోయాను. పొద్దున 84 డిగ్రీలున్న అన్నం మధ్యాహ్నానికి 61 డిగ్రీలకు దిగింది. మర్నాడు క్యారియర్‌లో మరిగే నీళ్లు పోసి, పది నిమిషాలు మూత పెట్టి, ఆ నీళ్లు పారబోశాక గిన్నెలు సర్దితే 66 డిగ్రీలుంది. గిన్నెలు సగమే నింపిన రోజున 52కు పడిపోయింది. పదార్థం తక్కువైతే అందులో దాగే ఉష్ణమూ తక్కువే కదా. కొనేవారు కొట్టులోనే మరిగే నీళ్లు పోయించి, కాసేపాగి బయటి గోడను తడిమి చూడాలి. గోడ వెచ్చబడితే లోపలి శూన్యం పోయినట్టే, ఆ క్యారియర్‌ను అక్కడే వదిలేయవచ్చు.

ఇక వంటల సంగతి. దోసకాయ పప్పు, గుత్తివంకాయ, సాంబారు పొయ్యి మీద నుంచి దింపినట్టే ఉంటాయి. బెండకాయ వేపుడు మాత్రం దీనికి పనికిరాదు. లోపలి ఆవిరి మూతకు తగిలి చుక్కలు చుక్కలుగా కిందికి దిగడంతో, కరకరలాడాల్సిన ముక్కలు మధ్యాహ్నానికి ఉడికించిన కూరలా మెత్తబడతాయి. పెరుగన్నం పెట్టిన రోజైతే మరీ అన్యాయం. ఒకే పాత్రలోని మూడు గిన్నెలు వేడిని పంచుకుంటాయి, ఆ గోరువెచ్చదనంలో తోడు చేసే బాక్టీరియా పని మానదు. అందువల్ల కమ్మటి పెరుగు తినేవేళకు ముఖం ముడుచుకునేంత పులుపెక్కుతుంది. నేనిప్పుడు పెరుగును విడి డబ్బాలో, తడిగుడ్డ చుట్టి తీసుకెళ్తున్నాను.

కొన్న రెండో వారంలో మూత అసలు రాలేదు. లెక్కల మాస్టారు తన చెక్క డస్టరుతో అంచు చుట్టూ తట్టి తీశారు. లోపలి ఆవిరి చల్లబడి నీరయితే పీడనం తగ్గుతుంది, అప్పుడు బయటి గాలి మూతను అదిమి పెడుతుంది. మూత మధ్యనున్న చిన్న రబ్బరు బొడిపెను ఎత్తితే గాలి లోపలికి పోయి మూత వదులవుతుందని ఆ తరవాత తెలుసుకున్నాను. మరునాడు ఎనిమిదో తరగతిలో ఖాళీ క్యారియర్‌ను బల్ల మీద పెట్టి, వేడినీళ్లు పోసి, పిల్లలను ఒక్కొక్కరుగా పిలిచి గోడను ముట్టుకోమన్నాను. నల్లబల్ల మీద నేను గీసే ఫ్లాస్కు బొమ్మను ఏళ్లుగా మౌనంగా దించుకునే తరగతి ఆ రోజు నోరు విప్పింది. "టీచర్, మరి ఐసు పెడితే కరగదా?" అని వెనక బెంచీ అమ్మాయి అడిగింది. మధ్యాహ్న భోజనం గంట కొట్టేదాకా ఆ ప్రశ్న మీదే గడిచింది. ఆ పూట వరకు నా 1,450 రూపాయలూ గిట్టుబాటయ్యాయి.

నా అసలు ఫిర్యాదు రబ్బరు వాషర్ గురించి. పదో నెలలో అది సాగిపోయి, పప్పుచారు కారి, సంచిలో ఉన్న తొమ్మిదో తరగతి జవాబు పత్రాలు పసుపు రంగు పట్టాయి. వాషర్ విడిగా అమ్మబోమని, మూత మొత్తం కొనాలని కంపెనీ సేవాకేంద్రం వారు చెప్పారు. మూత ధర 380 రూపాయలు. కొట్టులో దొరికే కుక్కరు వాషర్లేవీ దీని కొలతకు సరిపోలేదు. ప్రస్తుతానికి అన్నం, ముద్దకూరలు ఇందులో సర్దుకుని, చారును మాత్రం అమ్మమ్మ నాటి ఇత్తడి మరచెంబుకు కళాయి పూయించి అందులో పోసుకెళ్తున్నాను. అది ఇంతవరకు ఒక్క చుక్క కారలేదు.