రీబిల్డ్ చేసిన స్టీరింగ్ బాక్స్: చాలాకాలం వాడాక

నా పాత కారుకు రీబిల్డ్ చేసిన మాన్యువల్ స్టీరింగ్ బాక్స్ వేయించి చాలాకాలమైంది. రీసర్క్యులేటింగ్ బాల్ రకం. లోపల ఏముంటుందో ఇలాంటి కార్లు నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు: స్టీరింగ్ తిప్పితే వార్మ్ అనే స్క్రూ తిరుగుతుంది, స్టీల్ బాల్స్ మీద దొర్లే నట్ కదులుతుంది, దాని పళ్లు సెక్టర్ అనే గేర్‌ను తిప్పుతాయి, చక్రాలు తిరిగేది దాంతోనే. నాకు తెగ నచ్చింది ఒక్కటే: తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ మధ్యలో చేతికి తగిలే ఆ పట్టు. దానికి పూర్తి మార్కులు.

వేసిన కొత్తలో ఆ పట్టు లేదు. పాత బాక్స్‌లో ఉన్నంత ప్లే ఇందులోనూ ఉంది. చక్రాలు కదలకుండానే స్టీరింగ్ అటూ ఇటూ ఊగేది. పైగా కారు తిన్నగా పోతున్నా స్టీరింగ్ ఎడమకు వాలి ఉండేది. మెకానిక్ బాక్స్ మీది స్క్రూ బిగించి పంపాడు. ప్లే పోయింది, దాంతోపాటు మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం కూడా పోయింది. ప్రతి మలుపులోనూ తిప్పింది తిప్పినట్టే ఉండిపోయేది, మళ్లీ లాగి తెచ్చుకోవాలి. వెనక లారీ ఉన్నప్పుడు ఆ టెన్షన్ వేరే. తిరిగి తీసుకెళ్తే, స్టీరింగ్ వీల్ ఊడదీసి తిన్నగా బిగిస్తే సరిపోతుందన్నాడు. వద్దని చెప్పి కారు వేరేచోటికి తీసుకెళ్లాను.

అసలు సంగతి అక్కడ తెలిసింది. ఈ బాక్స్‌లో పళ్లు సరిగ్గా మధ్యలోనే బిగువుగా కలుస్తాయి. పక్కలకు పోయేకొద్దీ కాస్త సందు ఉండేలా కావాలనే చేస్తారు. స్టీరింగ్ వాలి ఉందంటే, కారు తిన్నగా పోతున్నా బాక్స్ మధ్యలో లేదని అర్థం. సందున్న చోట ప్లే పోయేదాకా స్క్రూ బిగిస్తే, మధ్యకు వచ్చేసరికి పళ్లు పట్టేస్తాయి, తొందరగా అరుగుతాయి. వీల్ ఊడదీసి బిగిస్తే చూడ్డానికి బాగుంటుంది, అంతే.

రెండో మెకానిక్ ముందు ఆ స్క్రూ వదులు చేశాడు. పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ నుంచి చక్రాల వైపు కదలికను పంపే చేయి) విడదీసి, స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తిప్పి, రౌండ్లు లెక్కపెట్టి సగం దగ్గర ఆపాడు. ముందు వార్మ్ బేరింగ్ బిగువు సరిచేశాడు, ఆ తర్వాతే సెక్టర్ స్క్రూ, అంటే మొదటి మెకానిక్ బిగించిన ఆ స్క్రూనే. ఈ వరస తప్పితే సెట్టింగ్ కుదరదట. అప్పుడు టై రాడ్ స్లీవ్‌లు, అంటే చక్రాలకు కలిపే కడ్డీల పొడవు మార్చే గొట్టాలు: ఒకవైపు ఎంత పొడవు పెంచితే రెండోవైపు అంతే తగ్గించాడు. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) మారలేదు, స్టీరింగ్ తిన్నగా వచ్చింది. తెడ్డులా అటూ ఇటూ వేస్తూ నడపాల్సిన కారు ఇప్పుడు వేలితో పోతోంది.

అయితే అదే రోజు ఒకరు స్టీరింగ్ ఊపుతుంటే ఇంకొకరు కింద పడుకుని చూశారు. స్టీరింగ్ షాఫ్ట్‌కీ బాక్స్‌కీ మధ్యనున్న రబ్బరు కప్లింగ్ పగిలిపోయి ఉంది, ఐడ్లర్ ఆర్మ్ (పిట్‌మన్ ఆర్మ్‌కు ఎదురువైపు లింకును మోసే చేయి) బుష్ లూజుగా ఉంది. రెండూ మార్చారు. కాబట్టి నేనిచ్చిన పూర్తి మార్కుల్లో కొన్ని ఆ రెండు చిన్న సామాన్లకు పోవాలి. ఎన్ని పోవాలో చెప్పలేను, అన్నీ ఒకేసారి జరిగాయి.

సెక్టర్ గేర్ షాఫ్ట్ బయటికి వచ్చే చోట ఉండే సీల్ దగ్గర ఈమధ్య కొద్దిగా చెమ్మ కనిపిస్తోంది. తయారీదారు చెప్పిన ఆయిలే పోస్తున్నాను. గట్టి గ్రీజు కూరితే పక్కకు తోసుకుపోయి అక్కడే ఉండిపోతుంది, బాల్స్‌కు అందదు. ఇక పార్కింగ్ మాత్రం బరువే. రేడియల్ టైర్లకు తగ్గట్టు క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) కూడా పెంచడంతో ఇంకాస్త బరువెక్కింది. మా ఆవిడ ఈ కారు పార్క్ చేయనని చెప్పేసింది.

నేను ఎక్కువగా హైవే మీదే నడుపుతాను, పైగా తొందరేమీ ఉండదు. అలా నడిపేవాళ్లయితే తీసుకోవచ్చు, కాకపోతే ముందు కప్లింగ్, ఐడ్లర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్‌లు చూపించుకోండి. వాటితోనే పని అయిపోతే బాక్స్ ఖర్చు తప్పుతుంది. రోజూ ఇరుకు సందుల్లో తిరిగే కారైతే ఈ బాక్స్ కొనమని నేను చెప్పను. పవర్ స్టీరింగ్ పడుతుందేమో కనుక్కోండి.