ఆర్లింగ్టన్ సైనిక శ్మశానం: ట్రామ్ మేలా, నడక మేలా?

వాషింగ్టన్ చూడబోయినవాళ్ళు చాలామంది పొటోమాక్ నది దాటి ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానానికీ వెళ్తారు. ప్రవేశం ఉచితం. 639 ఎకరాల్లో నాలుగు లక్షలమందికి పైగా నిద్రిస్తున్నారు. ఇంత చోటు ఎలా తిరగాలన్నదే టెన్షన్: డబ్బు కట్టి ట్రామ్ ఎక్కాలా, నడవాలా?

ట్రామ్‌లో సుఖముంది. కెనెడీ సమాధి దగ్గరి ఆరని జ్యోతి, అజ్ఞాత సైనికుడి సమాధి, కొండమీది ఆర్లింగ్టన్ హౌస్ హాయిగా చూసి రావచ్చు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు వెంట ఉంటే ఇంక ఆలోచించక్కర్లేదు.

కానీ అలా చూస్తే ఈ చోటు మొదటినుంచీ వీరుల కోసమే పుట్టిందనిపిస్తుంది. నడిచేవాళ్ళు ఉత్తరపు అంచున ఉన్న 27వ సెక్షన్‌తో మొదలుపెట్టాలి. 1864 మే 13న ఇక్కడ మొదటి సైనికుణ్ణి పూడ్చింది అక్కడే. ఆ సెక్షన్‌లోనే బానిసత్వం నుంచి బయటపడిన నల్లవాళ్ళు 3,800 మందికి పైగా ఉన్నారు. వాళ్ళ రాళ్ళమీద 'సిటిజన్', 'సివిలియన్' అని చెక్కి ఉంటుంది. నన్నడిగితే ఇక్కడ అన్నిటికన్నా బరువైన మాటలు అవే.

అక్కడినుంచి కొండెక్కితే ఆర్లింగ్టన్ హౌస్ అనే ఆ పాత ఇల్లు. బానిసల చేత కట్టించింది. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలుపుకోవాలని పోరాడిన దక్షిణాది రాష్ట్రాల సేనాని రాబర్ట్ లీ భార్య మేరీకి తండ్రి నుంచి వచ్చింది. ఆ యుద్ధంలో ఈ ఆస్తిమీద 92 డాలర్ల 7 సెంట్ల పన్ను కట్టడానికి ఆవిడ బంధువును పంపితే, యజమానే స్వయంగా రావాలని తిప్పి పంపారు. 1864లో వేలం వేస్తే ప్రభుత్వమే 26,800 డాలర్లకు కొనుక్కుంది. లీ కుటుంబం మళ్ళీ వచ్చి కాపురం పెట్టకుండా, మేరీ గులాబీతోట పక్కనే ఉత్తరాది సైనికాధికారి మెగ్స్ సమాధులు తవ్వించాడు. లీ పెద్ద కొడుకు కేసు వేసి 1882లో సుప్రీం కోర్టులో గెలిచాడు, మరుసటి ఏడాది లక్షా యాభైవేల డాలర్లు పుచ్చుకుని భూమి వదిలేశాడు. ఈ నేలమీదే 1863లో వెలిసిన, బానిసత్వం నుంచి బయటపడినవాళ్ళ ఊరు ఫ్రీడ్‌మన్స్ విలేజ్‌ను మాత్రం 1900 నాటికి ఖాళీ చేయించేశారు.

ఈ తగువు పాతబడిపోలేదు. దక్షిణాది సైనికుల కోసం 1914లో నిలిపిన స్మారకాన్ని, అందులో బానిసలను విశ్వాసపాత్రులుగా చూపారన్న విమర్శల నడుమ 2023 డిసెంబరులో తీసేశారు. మళ్ళీ పెడతామని 2025లో ప్రకటించారు.

పూట మొత్తం ఉంటే నా ఓటు నడకకే. రెండు గంటలే ఉంటే ఆర్లింగ్టన్ హౌస్ దాకా ట్రామ్‌లో వెళ్ళి, 27వ సెక్షన్‌కి నడుచుకుంటూ దిగండి, దారంతా పల్లమే. అన్నట్టు, ఇక్కడ ఇప్పటికీ అంత్యక్రియలు జరుగుతుంటాయి. ఊరేగింపు ఎదురైతే పక్కకు జరిగి, ఫోన్ జేబులో పెట్టుకోండి.