జూరా కొండల్లో కీ వాచీల వెంట

స్విట్జర్లాండ్‌లో వాచీలు చూడాలనుకునేవాళ్ళు ముందు జెనీవాలో దిగుతారు. అక్కడ పటేక్ ఫిలిప్ మ్యూజియం తప్పక చూడాల్సిందే, మిగతావి చాలావరకు షోరూములు. కూర్చుని పనిచేసే చేతుల్ని చూడాలంటే మాత్రం జూరా కొండలెక్కాలి.

నూషటెల్ నుంచి వాచీల ఊరు లా షో-ద-ఫోన్‌కి రైల్లో అరగంట. మధ్యలో షాంబ్రెలియన్‌లో బండి ఆగి, వచ్చిన దిక్కుకే కదులుతుంది. కంగారుపడి దిగిపోకండి, కొండ ఎక్కడానికి లైను అలాగే వేశారు. ఊరు దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. 1794 అగ్నిప్రమాదం తర్వాత వీధుల్ని గళ్ళు గీసినట్టు నిలువుగా, అడ్డంగా వేసి మళ్ళీ కట్టుకున్నారు. వరసగా పెద్ద పెద్ద కిటికీలు కనిపిస్తాయి. వాచీ పనికి కావలసింది వెలుతురే కదా! పక్కనున్న లె లోక్ల్‌తో కలిపి 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఇక్కడి గడియారాల మ్యూజియాన్ని 1974లో చాలావరకు భూమి లోపలే కట్టారు. సోమవారం సెలవు. వేల గడియారాలున్నాయి గానీ నేను ఎక్కువసేపు నిలబడిపోయింది పాతవాటిని బాగుచేసే గది అద్దం ముందు. ఒకావిడ కంటికి భూతద్దం బిగించుకుని చిన్న స్క్రూ తల పాలిష్ చేస్తోంది. నాలుగుసార్లు రుద్దడం, తుడవడం, వెలుతురుకి తిప్పి చూడడం, మళ్ళీ రుద్దడం. పని కుదిరితే ఆ ఉక్కు ఒకవైపు నుంచి తెల్లగా, కాస్త వంచితే నల్లగా కనిపిస్తుంది. మూత కింద ఎవరికీ కనపడని చోట అంత శ్రద్ధ పెట్టేవాళ్ళంటే నాకు గౌరవం.

ఈ ప్రాంతంలో సందర్శకులకు పూటపాటి వాచీ క్లాసులు పెడతారు. ఫీజు ఎక్కువే. అయినా నేను ఖర్చుపెట్టినవాటిలో పూర్తిగా గిట్టుబాటైంది ఇదే. ఇచ్చింది యూనిటస్ 6497, జేబు గడియారాల కోసం పుట్టిన మెషీను. వెడల్పు 36.6 మిల్లీమీటర్లు, 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్ళు). మా నాన్నగారి హెచ్ఎంటీ జనతాలోనూ అన్నే. ముందు స్ప్రింగు బిగువు వదిలించాలి, లేకపోతే చక్రాల పళ్ళు విరుగుతాయి. అన్నీ విప్పి, తిరిగి పేర్చి, చివర అటూఇటూ ఊగుతూ వేగాన్ని అదుపులో ఉంచే బ్యాలెన్స్ చక్రాన్ని కూర్చోబెట్టి, కీ రెండు చుట్లు తిప్పగానే అది దానంతటదే ఊగడం మొదలెట్టింది. నా చేతుల్లో ఒక యంత్రానికి ప్రాణం వచ్చింది. సొంతంగా వాచీలు చేసుకునేవాళ్ళు చాలామంది మొదట ఇలాంటి గట్టి మెషీనే తీసుకుని మార్పులు చేసుకుంటారు. ఏ ఊళ్ళోనైనా బాగుచేయించుకోవచ్చు మరి.

నూషటెల్ కాంటన్‌లో (మన రాష్ట్రం లాంటిది) హోటల్లో దిగితే టూరిస్ట్ కార్డు ఉచితంగా ఇస్తారు. స్థానిక బస్సులు, రైళ్ళు, మ్యూజియాలు దానితోనే గడిచిపోతాయి. మేం దిగిన చోట అడిగేదాకా ఇవ్వలేదు, కాబట్టి చెకిన్‌లోనే అడగండి. ఆదివారం సాయంత్రం తిండికి బాగా ఇబ్బంది, చాలా హోటళ్ళు మూసేస్తారు. శాకాహారులు వంటగది ఉన్న గది చూసుకోవడం మేలు.

జూరాలోనే ఉన్న ఇంకో వాచీల లోయ వాలీ ద జూకి వెళ్ళాలంటే వేరే దారి, లోజాన్ వైపు నుంచి రైలు. సరస్సు, పైన్ చెట్లు చాలా అందంగా ఉంటాయి, బసలు మాత్రం ఖరీదు. లె సాంటియేలోని ఎస్పాస్ ఒర్లోజే మ్యూజియం చిన్నదే గానీ పిల్లలతో వెళ్ళేవాళ్ళకు నచ్చుతుంది. పక్కనే లె సోలియాలో, పాత బడి భవనంలో ఫిలిప్ ద్యుఫోర్ వర్క్‌షాపు ఉంది. 1992లో గంటలు కొట్టే గ్రాండ్ సొనరీ చేతి వాచీ చేసిన మనిషి, 2000లో సింప్లిసిటీ అనే వాచీ తెచ్చాడు. గంటలు, నిమిషాలు, చిన్న సెకన్ల ముల్లు, అంతే. తేదీ కూడా లేదు. 34, 37 మిల్లీమీటర్ల సైజులు, చొక్కా చేతి కింద ఇట్టే ఇమిడిపోతాయి. అన్నీ కలిపి సుమారు 200. పాలిష్‌కి ఆ కొండల్లోనే పెరిగే జెన్షియన్ మొక్క ఎండుకాడ వాడతాడు. రోజూ పెట్టుకునే వాచీ ఎలా ఉండాలంటే నేను దాన్నే చూపిస్తాను. ఆయన వర్క్‌షాపు సందర్శకులది కాదు, తలుపు తట్టకండి.

రెంటిలో ఒకటే కుదిరితే లా షో-ద-ఫోన్ ఎంచుకోండి. క్లాసు ముందే బుక్ చేసుకోండి, ఇంగ్లీషులో చెప్పే రోజులేవో కనుక్కోండి. ఎక్కువగా ఫ్రెంచిలోనే నడుస్తాయి.