యాక్ట్-ఆర్‌తో ఐదేళ్లు, ఒక పాత వీడియో గేమ్

యాక్ట్-ఆర్ అంటే మనిషి మనసు పనిచేసే తీరుని కంప్యూటర్‌లో అనుకరించే వ్యవస్థ. అందులో ఒక్కో అడుగూ 'ఇలా ఉంటే ఇలా చెయ్' అనే ఒక రూల్. జాన్ ఆండర్సన్ బృందం కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో దాన్ని ఎలా పెంచిందో, ఒక్కో రూల్‌కి 50 మిల్లీసెకన్లు ఎందుకో ఇక్కడ చెప్పను. దాన్ని రాసిన ప్రోగ్రామింగ్ భాష లిస్ప్, దాని బ్రాకెట్ల గోల కూడా వదిలేస్తున్నా. ఇప్పుడు పైథాన్ నుంచి కూడా నడపొచ్చు. ఇన్నాళ్లూ నన్ను దీనికి కట్టిపడేసింది ఒక్కటే: ప్రొడక్షన్ కంపైలేషన్.

తెలుగు టైపింగ్ కొత్తలో ఒత్తుకి ఏ కీ నొక్కాలో ప్రతిసారీ గుర్తు తెచ్చుకుంటాం. కొన్నాళ్లకి వేలు దానంతటదే వెళ్లిపోతుంది. కంపైలేషన్ చేసేది అదే. వెంటవెంట నడిచిన రెండు రూల్స్‌ని ఒకటిగా కలుపుతుంది. మధ్యలో జ్ఞాపకంలోంచి తీసిన విషయం కొత్త రూల్‌లోనే ఇమిడిపోతుంది. ఆ కొత్త రూల్ విలువ, అంటే దాన్ని ఎంచుకునే మొగ్గు, సున్నాతో మొదలవుతుంది. అదే జత మళ్లీ మళ్లీ కలిస్తేనే పాతవాటిని దాటుతుంది.

నా పని స్పేస్ ఫోర్ట్రెస్ అనే వీడియో గేమ్ మీద, దాన్ని మనిషిలా ఆడుతూ నేర్చుకునే మోడల్‌ని యాక్ట్-ఆర్‌లో తయారుచేయడం. 1980ల్లో ఇలినాయ్ యూనివర్సిటీలో పరిశోధన కోసమే చేసిన ఆట. నౌకకి బ్రేకులుండవు. కోటని పదిసార్లు కొట్టాలి, దెబ్బకీ దెబ్బకీ కనీసం 250 మిల్లీసెకన్ల ఎడం ఉండాలి. ఆ తర్వాత గబగబా రెండు దెబ్బలు వేస్తే కోట కూలుతుంది. ముందే తొందరపడితే లెక్క మళ్లీ సున్నా.

ఒక రాత్రి మోడల్‌ని నడవనిచ్చి పడుకున్నాను. తెల్లారి ట్రేస్, అంటే మోడల్ ఎప్పుడేం చేసిందో చూపే చిట్టా, చూస్తే ఆట సూచనలు గుర్తు తెచ్చుకునే వరుసలు దాదాపు మాయం! ఆ సంబరంలో టీ చల్లారిపోయింది. తర్వాత స్కోరు చూశాను. మొదటి గంటల కన్నా తక్కువ.

రెండు రోజులు తల పట్టుకున్నాక అర్థమైంది. నిదానంగా ఆలోచించినప్పుడు ఆ ఆలస్యమే ఎడంగా పనికొచ్చింది. ఆలస్యం పోయేసరికి దెబ్బలు 250 లోపే పడుతున్నాయి, కోట లెక్క ప్రతిసారీ మొదటికొస్తోంది. తప్పు నాదే, ఎంతసేపు ఆగాలో తెలుసుకునే దారి మోడల్‌కి నేనివ్వలేదు.

అందుకే పైన మెచ్చుకున్నదాంట్లో కొంత తగ్గించుకోవాలి. కంపైలేషన్ అనవసరపు ఆలోచనని తీసేస్తుంది, అంతే. అవసరమైన నిరీక్షణ దానికి పట్టదు. 2019లో ఆండర్సన్ బృందమే ఈ ఆట మీద రాసిన పేపర్లో అందుకోసం కంట్రోలర్ అనే విడి మాడ్యూల్ పెట్టింది. అది ఎంతసేపు ఆగాలి లాంటి వాటికి రకరకాల విలువలు ప్రయత్నించి, ఏది లాభమో చూసుకుంటూ స్థిరపడుతుంది. దాన్ని చేర్చాక నా మోడల్ గాడిన పడింది.

నాకు లిస్ప్ ముందే వచ్చు, తరిమే గడువూ లేదు. ఆరు నెలల్లో థీసిస్ ఇవ్వాల్సినవాళ్లు అడిగితే మాత్రం వెంటనే ఊ అనలేను. ఆట గెలవడమే కావాలంటే దీని జోలికి రావద్దు. మనిషి ఎన్నో గంటలో ఎక్కడ తడబడతాడో చూడాలనే పిచ్చి ఉంటే అది వేరే సంగతి. నాకా పిచ్చి ఇంకా వదల్లేదు.