భీమవరంలో ఏడు శనివారాలు: కౌన్సెలింగ్ ఎలా ఉందంటే

నాకు నలభై ఏడేళ్లు. ఉండి అనే ఊరి దగ్గర నాలుగెకరాలు లీజుకు తీసుకుని వనామి రొయ్య వేస్తున్నాను. 2025 ఆగస్టు 30 నుంచి నవంబరు మధ్య దాకా భీమవరంలో ఒక కౌన్సెలింగ్ సెంటరుకి ఏడు శనివారాలు వెళ్లాను. సెంటరు పేరు రాయడం లేదు. మావైపు ఆ మెట్లెక్కుతూ కనిపిస్తే చాలు, సాయంత్రానికల్లా ఊళ్లో ‘ఫలానా ఆయనకి మెంటలట’ అనేస్తారు. అక్కడికి వచ్చేవాళ్లకి నా వల్ల ఆ ఇబ్బంది రాకూడదు. కానీ లోపల ఏం చేస్తారో, ఎంత తీసుకుంటారో, నాకు ఏం పనికొచ్చిందో మాత్రం దాచకుండా రాస్తున్నాను. నేను వెళ్లేముందు ఇలా రాసినవాళ్లు ఎవరైనా దొరుకుతారేమోనని చాలా వెతికాను.

రొయ్యల రైతు తెల్లవారుజామున మూడింటికి లేవడం జబ్బు కాదు, పని. రాత్రంతా నీళ్లలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లారే ముందు డీవో, అంటే నీళ్లలో కరిగున్న ఆక్సిజన్, బాగా పడిపోతుంది. ఆ టైములో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. పన్నెండేళ్లుగా నాకు ఆ మెలకువ అలవాటే. మే మొదట్లో, పంటకి యాభై అయిదో రోజున వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు తగిలింది. వంద కౌంటులోనే, అంటే కిలోకి వంద రొయ్యలు తూగే చిన్న సైజులోనే, హడావుడిగా పట్టుబడి చేసి వచ్చిన రేటుకి అమ్మేశాం. మేత అప్పు మిగిలిపోయింది. చెరువు ఎండగట్టాం. అడుగు నెర్రెలిచ్చింది. అయినా మూడయ్యేసరికి ఠక్కున మెలకువ, గుండె దడ. టార్చి పట్టుకుని ఆ ఎండిన చెరువు గట్టు మీద తిరిగేవాణ్ణి. ఒక రాత్రి మా ఆవిడ వెనకే వచ్చి, “ఏవండీ, అందులో నీళ్లే లేవు కదా, ఏం చూద్దామని వచ్చారు?” అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆగస్టులో మన సరుకు మీద అమెరికా వేసే సుంకం 50 శాతానికి చేరేసరికి రొయ్య రేట్లు పడ్డాయి. మళ్లీ సీడు (రొయ్య పిల్లలు) వెయ్యాలా మానాలా తేల్చుకోలేక తిండి కూడా సయించేది కాదు. అప్పటికే ఒక ఫంక్షన్ హాల్లో రెండు రోజుల మోటివేషన్ క్లాసుకి మూడు వేలు కట్టి ఉన్నాను. అక్కడ ‘నేను సాధిస్తాను’ అని అందరిచేతా అరిపించారు. ఆ రాత్రీ మూడింటికే లేచాను. అందరికీ పనిచేసింది నాకే పనిచెయ్యలేదన్న దిగులు కొత్తగా వచ్చి చేరింది. అందుకే రెండోసారి డబ్బు కట్టేముందు వాకబు చేశాను. మాటలతో వైద్యం చేసే క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి. మందులు రాసేది సైకియాట్రిస్టు, ఆయన ఎంబీబీఎస్ చదివిన డాక్టరు. ఈ రెండూ వేరని నాకు అప్పుడే తెలిసింది. భీమవరం సెంటరులో కౌన్సెలింగ్ చేసే మేడం గారి రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీదే ఉంది.

మొదటిసారి గంటసేపు కూర్చోబెట్టారు, ఎనిమిది వందలు. తర్వాత నుంచి ముప్పావుగంటకి అయిదు వందలు. ముందు తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు. గడిచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, దేనిమీదా మనసు పోకపోవడం లాంటివి ఎన్ని రోజులున్నాయో ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా మార్కు పెట్టాలి. మొత్తం 27కి నాకు 13 వచ్చింది. చివరి ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా పెట్టాను. మేడం గారు అక్కడితో ఊరుకోలేదు, నా మొహం చూస్తూ నోటితో మళ్లీ అడిగారు. ఎప్పుడైనా ఆ జవాబు మారితే శనివారం దాకా ఆగొద్దని, 14416కి చెయ్యమని చీటీ మీద రాసిచ్చారు. అది టెలీ మానస్ నంబరు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ చీటీ ఇంకా నా పర్సులోనే ఉంది. షుగరు, థైరాయిడ్ టెస్టులు కూడా చేయించుకు రమ్మన్నారు. రెండూ బాగానే ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది రెండో శనివారం. ఆవిడకి రొయ్యల సాగు తెలీదు. తెలీదని చెప్పి, “మేత ఎంత వెయ్యాలో మీకెలా తెలుస్తుందండీ?” అని అడిగారు. చెరువులో మేత పెట్టి దింపే చెక్ ట్రే గురించి చెప్పాను. మేత చల్లాక రెండు గంటలకి ట్రే పైకి లాగుతాం. మేత మిగిలిపోయి ఉంటే తర్వాతి పూటకి తగ్గిస్తాం, ఖాళీగా ఉంటే కాస్త పెంచుతాం. రొయ్యని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి పేగు నిండుగా ఉందో లేదో చూస్తాం. “మరి ఆ రెండు గంటల్లో ఊరికే లాగి చూడరా?” అన్నారు. చూడం, అస్తమానం లాగితే రొయ్య బెదిరి ట్రేలోకి రావడం మానేస్తుంది అన్నాను. “మీ అప్పుని మాత్రం రాత్రంతా లాగి చూస్తున్నారు కదండీ” అన్నారు ఆవిడ. నాకు గొంతు పట్టేసింది. అంతసేపూ మాట్లాడింది చెరువు గురించే అనుకున్నాను.

అప్పటినుంచి దిగులుకి ఒక టైము పెట్టారు. సాయంత్రం ఆరు నుంచి ఆరూ ఇరవై దాకా, పుస్తకం పెన్నూ పట్టుకుని, ఇంటి అరుగు మీద. రాత్రి ఏదైనా గుర్తొస్తే ఒక్క ముక్క రాసి పక్కన పెట్టెయ్యాలి, రేపు ఆరింటికి చూడాలి. మొదటి వారం ఇదంతా చిన్నపిల్లల ఆటలా ఉంది. రాత్రి రాసినవి పదకొండు. సాయంత్రం చూస్తే వాటిలో ఏడు ఒకటే మాట, ‘మేత కొట్టాయన ఏమంటాడో’. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆయన్నే అడిగాను. డిసెంబరు దాకా ఆగుతానన్నాడు. నాలుగు నెలలుగా నేను భయపడిన మాట అది.

ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి వేరేచోట కూర్చోవాలి, నిద్ర ముంచుకొస్తేనే మళ్లీ మంచమెక్కాలి. ఫోన్ ముట్టుకోకూడదు. కౌంటు రేట్లొచ్చే వాట్సాప్ గ్రూపులు రాత్రి తొమ్మిది తర్వాత మ్యూట్‌లో పెట్టేశాను. రోజూ ఒకే టైముకి లేవమనడం మాత్రం నాకు కుదర్లేదు. సెప్టెంబరు మధ్యలో మళ్లీ సీడు వేశాం, పంట చెరువులో ఉండగా అది అయ్యే పని కాదు. ఆ మాట చెబితే ఆవిడ ఏమీ అనుకోలేదు. మా కాపలా కుర్రాడూ నేనూ రోజు మార్చి రోజు కాపలా ఉండేలా మార్చారు. “ఆయ్, అలాగేనండి” అని మా కుర్రాడు ఒక్క రోజు కూడా తప్పలేదు.

లోపాలూ ఉన్నాయి. గదికి అడ్డం ప్లైవుడ్ గోడ ఒక్కటే. బయట బెంచీ మీద కూర్చుంటే లోపలి మాటలు సగం వినిపిస్తాయి. రెండో వారమే చెప్పాను, ఫ్యాన్ పక్కన రేడియో పెట్టారు. అది చాలదు. ఒక శనివారం ఆవిడ రాలేదు, ముందుగా ఫోన్ కూడా లేదు. అంతదూరం బండి మీద వచ్చి తిరిగి వెళ్లాను. బాగా దిగులుగా ఉన్న మనిషికి అలా జరిగితే మళ్లీ మెట్లెక్కడు. కాగితాల్లో తెలుగు కూడా మరీ గ్రాంథికం. ‘నిరాసక్తత’ అంటే నాకు తెలీలేదు, ‘దేనిమీదా మనసు పోదు’ అని ఆవిడ చెబితే అర్థమైంది. శనివారం తప్ప వేరే రోజు లేకపోవడం కూలికెళ్లేవాళ్లకి కష్టం.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను మా తీరం దాటింది. పంటకి అప్పుడు నలభై రోజులు. సాయంత్రం ఆరింటికి షెడ్డులో పుస్తకం తీశాను. డీజిలు రెండు క్యాన్లు, తూము దగ్గర ఇసక బస్తాలు, జనరేటరు బెల్టు, టార్చికి బ్యాటరీలు రాసుకున్నాను. అన్నీ చూసి టిక్కు పెట్టాను. గాలి సంగతి రాయలేదు. కరెంటు పోయింది, జనరేటరు వేశాం. మూడింటికి మెలకువ వచ్చింది, ఈసారి పనుండే వచ్చింది. ఏరియేటర్లు చూసుకుని, కాపలా కుర్రాడికి అప్పగించి షెడ్డు మంచం మీద పడుకున్నాను. తెల్లారి ఆరింటికి వాడొచ్చి లేపాడు. ఒక గట్టు కోసుకుపోయింది, పంట నిలిచింది. పంట పోయుంటే ఇంత ధైర్యంగా రాసేవాణ్ణో లేదో చెప్పలేను. కానీ ఆ మూడు గంటల నిద్ర మాత్రం నాదే.

ఆఖరి శనివారం అదే తొమ్మిది ప్రశ్నల కాగితానికి 6 వచ్చింది. అంతా కలిపి మూడు వేల ఎనిమిది వందలయింది. వెళ్లాలనుకునేవాళ్లు ముందురోజే ఫోన్ చేసి ఖాయం చేసుకోండి, వీలైతే మొదటి టైము అడగండి, అప్పుడు బయట బెంచీ ఖాళీగా ఉంటుంది.

మొన్న మా పక్క చెరువాయన గట్టు మీద కూర్చుని, ఎటో చూస్తూ, “అక్కడ ఏం అడుగుతారు బావా?” అన్నాడు. ఆ శనివారం నా బండి మీదే తీసుకెళ్లాను. ఆయన పైకి వెళ్లి వచ్చేదాకా కింద జిరాక్సు షాపు పక్కన టీ తాగుతూ కూర్చున్నాను, రోడ్డు మీద పోయేవాళ్లందరికీ కనిపించేలాగే.