క్యాప్సూలా, రెక్కల విమానమా: మనుషులకి ఏది మేలు?

శ్రీహరికోట 2022లో మన తిరుపతి జిల్లాలోకి వచ్చినప్పటి నుంచి రాకెట్ల గురించి వాదించుకునే హక్కు మనకి కాస్త ఎక్కువే వచ్చినట్టుంది. మా బావ పిల్లల్ని అలిపిరి రోడ్డులో సైన్స్ సెంటర్‌కి తీసుకుపోయి వచ్చిన కాడి నుంచి ఒకటే పట్టు, మన మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్‌కి పారాచూట్లు కట్టుకుని సముద్రంలో పడే క్యాప్సూల్ ఎందుకు, దర్జాగా రన్‌వే మీద దిగే అమెరికా వాళ్ల రెక్కల స్పేస్ షటిల్ లాంటిది చెయ్యొచ్చు గదా అని.

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. షటిల్‌లో ఏడుగురు పోయేవాళ్లు, ఇరవై టన్నులకి పైన సరుకు పట్టేది, 1993లో హబుల్ టెలిస్కోప్‌ని చేత్తో పట్టుకుని రిపేరు చేసొచ్చారు, అది క్యాప్సూల్‌తో అయ్యే పని కాదు. దిగేటప్పుడు ఒంటి మీద భారం కూడా తక్కువ, రష్యా వాళ్ల సోయుజ్ క్యాప్సూల్‌లో మామూలుగానే మన బరువుకి నాలుగు రెట్లు పడుతుంది.

కానీ బావా, ఆ రెక్కలు పనికొచ్చేది చివరి అరగంటకే. పైకి పోయేటప్పుడు, కక్ష్యలో తిరిగేటప్పుడు అవి ఉత్త బరువు, పైగా వాటి అంచు మొత్తం వేడి నుంచి కాపాడుకోవాలి. షటిల్‌నేమో పెద్ద ఇంధనం ట్యాంకుకి పక్కన తగిలించారు కాబట్టి పైనుంచి ఏది ఊడినా దాని మీదే పడేది. 2003లో కొలంబియా అనే షటిల్‌కి జరిగింది అదే, ఎగిరిన 82 సెకండ్లకి ట్యాంకుకి చుట్టిన ఫోమ్ ముక్క ఊడి ఎడమ రెక్క అంచుకి తగిలింది, పదహారు రోజుల తర్వాత తిరిగొస్తా ఉంటే ఆ దెబ్బలోంచి వేడి లోపలికి పోయి రెక్క విరిగింది, కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు. 1986లో ఛాలెంజర్ అనే షటిల్‌లో పోయిన ఏడుగురికీ రాకెట్ నుంచి విడిపోయి తప్పించుకునే దారే లేదు.

క్యాప్సూల్ రాకెట్ నెత్తిన కూర్చుంటుంది, కింద ఏదన్నా తేడా వస్తే విడిపోయి పారిపోవచ్చు. 2018 అక్టోబర్‌లో సోయుజ్ రాకెట్ మధ్యలో చెడిపోయినా లోపలి ఇద్దరూ బతికి బయటపడ్డారు, ఆర్నెల్లు తిరక్కుండానే మళ్లీ స్టేషన్‌కి పోయారు కూడా. మన శ్రీహరికోట కేంద్రం షార్‌లో 2023 అక్టోబర్ 21న మనుషులు లేకుండా చేసిన టెస్టు ఈ తప్పించుకునే పద్ధతి కోసమే. ఇంకోటి, దాని ఆకారమే దానికి కాపలా. 2008లో ఒక సోయుజ్ తిరిగొచ్చేటప్పుడు వెనక భాగం సరిగ్గా ఊడక తలుపు వైపు ముందుకి పెట్టి వాతావరణంలోకి దూరింది, ఆ భాగం తెగిపోయాక ఎవరూ తిప్పకుండానే బరువైన వైపుకి తిరిగి హీట్ షీల్డ్ ముందుకొచ్చింది, కడకి ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల, ఎనిమిది రెట్ల భారంతో దిగారు గానీ దిగారు. రెక్కలున్నదానికి కోణం కొంచెం తప్పినా అంతే సంగతులు.

క్యాప్సూల్ పత్తిత్తు అని నేననను. 1967లో సోయుజ్ పారాచూట్ సరిగ్గా తెరుచుకోక రష్యా వ్యోమగామి కొమరోవ్ చనిపోయాడు, 1971లో ఇంకో సోయుజ్‌లో వాల్వ్ తెరుచుకుని గాలి పోయి ముగ్గురు పోయారు. మన టెస్టు మాడ్యూల్ కూడా సముద్రంలో తలకిందులుగా తేలింది, అందుకే మనుషులు పోయేదానికి నిటారుగా తిప్పే గాలి సంచులు పెడతా ఉండారు. కానీ 1971 తర్వాత సోయుజ్‌లో ప్రాణం పోలేదు.

మళ్లీ వాడుకోవచ్చు గదా అంటాడు బావ. షటిల్‌కి ఇరవై వేలకి పైన టైల్స్, ఎగిరొచ్చిన ప్రతిసారీ వాటిని చెక్ చేసుకోవాలి, చవక అవుతుందన్నది ఎప్పుడూ కాలేదు. ఇప్పుడు స్పేస్‌ఎక్స్ కంపెనీ డ్రాగన్ క్యాప్సూల్‌నీ మళ్లీ మళ్లీ వాడతా ఉండారు, ఇంక ఆ పాయింటు ఎక్కడ నిలబడుతుంది?

రెక్కలు వద్దని కాదు. ఇస్రో చేసిన మన రెక్కల విమానం పుష్పక్‌ని కర్ణాటకలో చిత్రదుర్గ దగ్గర హెలికాప్టర్ నుంచి వదిలితే తనంతట తనే రన్‌వే వెతుక్కుని దిగింది, 2024లో గంటకి 320 కిలోమీటర్లకి పైన స్పీడులో. ముందు అది కక్ష్యకి పోయి సరుకు దించి కొన్నిసార్లు తిరిగిరానీ, మనుషుల సంగతి తర్వాత. నిన్న బావ స్పేస్‌ఎక్స్ వాళ్ల పెద్ద రాకెట్ స్టార్‌షిప్ వీడియో పంపి ఇదిగో రెక్కలు అన్నాడు, అవి రెక్కలు కాదు ఫ్లాపులు, అది దిగేది ఇంజిన్ల మీద. అది ఇంకో పంచాయితీ.