‘సరే’ మేలా, ‘వద్దు’ మేలా? అమెరికా పైలట్ల కాంట్రాక్టు వోటు

అమెరికాలో పైలట్ల యూనియన్ నాయకులు కంపెనీతో కూర్చుని కొత్త కాంట్రాక్టు కుదుర్చుకుంటే పని అయిపోయినట్టు కాదు. దాన్ని సభ్యుల ముందు పెట్టి వోటింగ్ జరపాలి. వందల పేజీల ఒప్పందం, జవాబు మాత్రం రెండు ముక్కల్లో ఒకటి: సరే, లేదా వద్దు. జీతం పెరుగుతోందంటే ఎవరైనా వద్దంటారా అనిపిస్తుంది. అన్నారు, చాలాసార్లు. ఫలితం మాత్రం ఒక్కోచోట ఒక్కోలా వచ్చింది.

డెల్టా ఎయిర్‌లైన్స్ పైలట్లు 2015 జులైలో 65 శాతం మంది వద్దన్నారు. జీతం పెంచుతూనే లాభాల్లో వాటాకు కోత పెట్టడం వాళ్లకు నచ్చలేదు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమేగా! 2016 డిసెంబరులో మళ్లీ వోటింగ్ జరిగితే 82 శాతం సరే అన్నారు. ఈసారి నాలుగేళ్లలో దాదాపు 30 శాతం పెంపు. అందులో మొదటి 18 శాతం 2016 జనవరి నుంచే లెక్క కట్టి ఇచ్చారు. అంటే ఆగిన నెలల్లో చాలావాటికి ఎరియర్స్ చేతికొచ్చాయి.

యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో 2022 నవంబరులో 94 శాతం వద్దన్నారు. ఏడాదిన్నరలో సుమారు 14.5 శాతం పెంపు ఇస్తామంటే దాదాపు అందరూ కాదన్నారు. నెల తిరగ్గానే డెల్టా తన పైలట్లకు నాలుగేళ్లలో 34 శాతం ఇస్తానంది. పక్క కంపెనీ అంత ఇస్తుంటే యునైటెడ్ కిందికి దిగక తప్పలేదు. 2023 సెప్టెంబరులో పెంపు 40 శాతం దాకా పోయింది, 82 శాతం ఒప్పుకున్నారు.

మూడోది సరుకు విమానాల ఫెడెక్స్. 2023 జులైలో 30 శాతం పెంపు ఉన్న ఒప్పందాన్ని 57 శాతం తిరస్కరించారు, పెన్షన్ విషయంలోనూ వాళ్లకు అసంతృప్తి ఉంది. అప్పటికే పార్సిళ్లు తగ్గుతున్నాయి. పైలట్లు ఎక్కువయ్యారని, పీఎస్‌ఏ అనే చిన్న ప్రాంతీయ సంస్థలో ఉద్యోగాలు చూసుకోవచ్చని కంపెనీయే సూచించింది. 2024లో అమెరికా పోస్టల్ కాంట్రాక్టు కూడా పోటీ సంస్థ యూపీఎస్‌కు వెళ్లిపోయింది. 2025 మొదలయ్యేసరికి కూడా కొత్త కాంట్రాక్టు లేదు. ‘వద్దు’ అనే మాట అదే, దాని వెనక ఉన్న బజారు వేరు.

వద్దంటే ఇంత ఆలస్యం ఎందుకవుతుంది? అక్కడ ఎయిర్‌లైన్స్‌కు వర్తించేది 1926లో రైల్వేల కోసం చేసిన చట్టం. 1936లో విమానాలనూ దాని కిందికి తెచ్చారు. దాని ప్రకారం పాత కాంట్రాక్టు గడువు దాటినా రద్దు కాదు, కొత్తది కుదిరేదాకా అదే నడుస్తుంది. కాబట్టి కంపెనీకి తొందర ఉండదు. సమ్మె చేద్దామన్నా ముందు ప్రభుత్వ మధ్యవర్తిత్వ బోర్డు చర్చల నుంచి వదిలిపెట్టాలి, ఆపైన 30 రోజులు ఆగాలి, అప్పుడు కూడా అధ్యక్షుడు అడ్డుపడొచ్చు. 2010లో స్పిరిట్ ఎయిర్‌లైన్స్ పైలట్లు అంతదాకా వెళ్లి సమ్మె చేశారు గానీ, అలాంటివి అరుదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఊహకు ఒక కెప్టెన్‌ను తీసుకోండి. గంటకు 300 డాలర్లు, నెలకు 75 గంటలు, అంటే 22,500. ఇవాళ 15 శాతం ఇస్తామంటున్నారు: నెలకు 3,375 ఎక్కువ. వద్దని ఏడాది ఆగితే 30 శాతం వచ్చిందనుకుందాం. ఎరియర్స్ లేకపోతే ఆ ఏడాదిలో పోయింది 40,500. తర్వాత నెలనెలా అదనంగా వచ్చేదీ 3,375 కాబట్టి, పోయినదాన్ని రాబట్టుకోవడానికే ఇంకో ఏడాది పడుతుంది. అక్కడ 65 ఏళ్లకు ఎయిర్‌లైన్ పైలట్ దిగిపోవాల్సిందే. 35 ఏళ్లవాడికి ముందు 30 ఏళ్లున్నాయి, పైగా వచ్చే కాంట్రాక్టు పెంపు కూడా ఈ పెద్ద అంకె మీదే పడుతుంది. 63 ఏళ్లాయనకు లెక్క సున్నాకు సున్నా. ఫెడెక్స్‌లా రెండేళ్లు సాగితే చేతికొచ్చేదీ పోయి 81,000 నష్టం. ఒకే కాక్‌పిట్‌లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఒకే కాగితం మీద రెండు న్యాయమైన జవాబులుంటాయన్నమాట.

శాతం ఒక్కటే చూసి వోటేయడం నాకు నచ్చదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులు పీఆర్సీ (వేతన సవరణ) మీద రోడ్డెక్కినప్పుడు ఫిట్‌మెంట్ ఎంతన్నదే కాదు, హెచ్ఆర్ఏ ఎంత కోశారన్నది కూడా గొడవే. పైలట్లకు ఆ హెచ్ఆర్ఏ లాంటిది రిజర్వ్ డ్యూటీ. ఏ ఫ్లైటూ కేటాయించరు, కానీ ఫోన్ మోగితే రెండు మూడు గంటల్లో ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఊరి బయటికి పోలేరు, పిల్లాడి పుట్టినరోజుకు వస్తానని మాటివ్వలేరు. సెలవు రోజున కంపెనీ ఎంతవరకు పిలవొచ్చు, పిలిస్తే ఎంత అదనం, చివరి నిమిషంలో షెడ్యూలు మారిస్తే ఏమిటి అన్నవన్నీ కాంట్రాక్టులో ఎక్కడో లోపలి పేజీల్లో ఉంటాయి. యునైటెడ్‌లో జీతం పెరుగుతుందని తెలిసినా కెప్టెన్‌గా ప్రమోషన్‌కు ముందుకు రానివాళ్లు 2023లో బోలెడుమంది ఉన్నారంటే ముఖ్య కారణం ఇదే. కొత్త కెప్టెన్ అంటే కెప్టెన్లలో అందరికంటే జూనియర్, రిజర్వ్ పడేది జూనియర్లకే.

డెల్టా పైలట్లు 2023 కాంట్రాక్టులో ఇంకో గట్టి షరతు పెట్టించుకున్నారు: అమెరికన్ ఎయిర్‌లైన్స్, యునైటెడ్ పైలట్ల రేట్లకంటే తమవి కనీసం 1 శాతం ఎక్కువ ఉండాలని. ఇలాంటి షరతు ఉంటే ‘తొందరపడి తక్కువకు ఒప్పుకున్నామా’ అన్న టెన్షన్ చాలావరకు తీరుతుంది. నాకైతే 2 శాతం పెంపు కంటే ఈ ఒక్క లైను విలువైనది.

నన్నడిగితే ముందు ఎరియర్స్ పేజీ, తర్వాత రిజర్వ్ పేజీ, ఆఖర్న శాతం చూడాలి. ఎరియర్స్ గ్యారంటీగా వస్తాయనుకుంటే, పోటీ కంపెనీల్లోనూ బేరాలు నడుస్తుంటే, టికెట్లు బాగా అమ్ముడవుతుంటే వద్దనడమే మేలు. 2022లో యునైటెడ్ వాళ్లు చేసింది ఆ ధైర్యంతోనే. గిరాకీ పడిపోతున్నప్పుడు మాత్రం చేతిలో ఉన్నదానికి సరే అని, రిజర్వ్ రూల్స్ కోసం వచ్చే కాంట్రాక్టులో కొట్లాడుకోవచ్చు. ఫెడెక్స్ వాళ్ల పెన్షన్ బాధ న్యాయమైనదే, వాళ్లు ఎంచుకున్న సమయమే కలిసిరాలేదు. ఇక ఆ 63 ఏళ్ల కెప్టెన్ ఏ పరిస్థితిలో సరే అన్నా, జూనియర్లు ఆయన్ని స్వార్థపరుడని తిట్టుకోవడం మాత్రం అన్యాయం.